పగడపు దీవులలో ఒక పగలు: డ్రై టోర్టుగాస్ నేర్పే సముద్ర పాఠం

సముద్రానికి పెద్దలు పెట్టిన పేర్లలో రత్నాకరం ఒకటి. ముత్యం, పగడం, శంఖం ఆ గనిలో నుండి లభించినవే. వీటిలో మొదటి రెండింటికి నవరత్నాలలో స్థానం దక్కింది. తెలుగు ఇల్లాలి మెడలో నల్లపూసల సరసన పగడం చేరింది. అయినా అవి పుట్టే తావును కళ్ళారా చూసే అవకాశం కొద్దిమంది గజ ఈతగాళ్ళకు తప్ప పూర్వులకు కలగలేదు. ఈనాడు ముఖానికి ఒక గాజు అద్దం, నోటికి ఒక అడుగు పొడవు గొట్టం ఉంటే చాలు. ఈత వచ్చిన పదేళ్ళ పిల్లవాడు సైతం నీటిపై బోర్లా తేలుతూ సాగరగర్భాన్ని పరిశీలించగలడు. స్నార్కెలింగ్ అనే ఈ వినోదానికి ఖర్చు స్వల్పం, శిక్షణ స్వల్పం. దాని వెనుక ఉన్న విజ్ఞానం మాత్రం స్వల్పం కాదు.

అమెరికాలోని ప్రవాసాంధ్ర కుటుంబాలకు ఫ్లోరిడా విహారయాత్ర పరిపాటి. ఆర్లాండో వినోదశాలలు చూసి, మయామీ మీదుగా కీ వెస్ట్ దాకా కారులో వెళ్ళి, అక్కడి నుండి వెనుదిరిగేవారే అధికం. రోడ్డు ముగిసిన ఆ చోటికి పడమరగా సుమారు 70 మైళ్ళ దూరంలో, అనగా 113 కిలోమీటర్ల దూరంలో, నడిసముద్రంలో ఏడు చిన్న దీవులున్నాయి. వాటి పేరు డ్రై టోర్టుగాస్. ఉదయం ఓడ ఎక్కి సాయంత్రానికి తిరిగి రాదగిన ఈ యాత్ర పిల్లలకు ఒక భౌతికశాస్త్ర పాఠం, ఒక జీవశాస్త్ర పాఠం, ఒక చరిత్ర పాఠం. పగడాల జీవన రహస్యాలలో కొన్నింటిని ఆధునిక శాస్త్రజ్ఞులు మొట్టమొదట గ్రహించినది ఈ దీవులలోనే. ఆ పగడాలలో ముఖ్యమైన రెండు జాతులు ఇటీవల దాదాపుగా నశించినదీ ఇక్కడనే.

తాబేళ్ళ దీవులు

1513లో స్పెయిన్ దేశపు నావికుడు పాన్స్ దె లియోన్ ఈ దీవులకు చేరినప్పుడు అతని పరివారం ఇక్కడ పెద్ద సంఖ్యలో సముద్రపు తాబేళ్ళను పట్టుకున్నది. స్పానిష్ భాషలో టోర్టుగాస్ అనగా తాబేళ్ళు. అందుచేత దీవులకు ఆ పేరు స్థిరపడింది. ఇక్కడ త్రాగునీరు దొరకదని తరువాతి నావికులను హెచ్చరించేందుకు పటాలలో ‘డ్రై’ అనే మాట ముందు చేరింది. చుట్టూ కనుచూపు మేర నీరు, త్రాగడానికి చుక్క లేదు!

కీ వెస్ట్ నుండి బయలుదేరే ఓడ గార్డెన్ కీ అనే దీవి వద్ద ఆగుతుంది. ఆ దీవిని దాదాపు పూర్తిగా ఆక్రమించి జెఫర్సన్ కోట నిలిచి ఉన్నది. 1846లో మొదలైన దీని నిర్మాణం సుమారు 30 ఏళ్ళు సాగి, పూర్తి కాకుండానే ఆగిపోయింది. ఒక కోటీ 60 లక్షల ఇటుకలతో కట్టిన ఈ కోట ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాలలోని ఇటుక కట్టడాలలోకెల్లా పెద్దది. అంతర్యుద్ధ కాలంలో ఇది కారాగారంగా ఉపయోగపడింది. 1935లో జాతీయ స్మారకంగా, 1992లో జాతీయ ఉద్యానంగా ఈ ప్రాంతానికి రక్షణ లభించింది. ఉద్యానం మొత్తం వైశాల్యం సుమారు 100 చదరపు మైళ్ళు. అందులో 99 శాతానికి పైగా నీరే. కాబట్టి కోటను మాత్రమే చూసి వచ్చినవారు ఈ ఉద్యానంలో ఒక వంతైనా చూడనట్లే లెక్క.

ఓడపై మొదటి పాఠం

ప్రయాణానికి ఒక్కొక్క వైపు రెండున్నర గంటల లోపు పడుతుంది. దీవిలో గడిపేందుకు సుమారు నాలుగు గంటల వ్యవధి ఉంటుంది. గాలి వీచే రోజులలో ఓడ ఊగిసలాడటం సహజం. లోపలి చెవిలోని ద్రవనాళికలు శరీరం కదులుతున్నదని మెదడుకు తెలియజేస్తుండగా, గదిలో కూర్చుని పుస్తకం చదివే కన్ను అంతా నిశ్చలంగా ఉన్నదని చెబుతుంది. ఈ రెండు సాక్ష్యాలకు పొత్తు కుదరకపోవడమే కడుపులో త్రిప్పటానికి కారణం. పై అంతస్తు వెనుక భాగాన నిలబడి దూరాన ఉన్న క్షితిజరేఖను చూస్తూ ఉంటే కన్ను, చెవి ఒకే మాట చెబుతాయి. ఉదయం వేళ నూనె వంటకాలు మాని తేలికగా తినడం మంచిది. మందు వేసుకొనేవారు ఓడ కదలడానికి ముందే వేసుకోవలెను.

దారిలో నీటి రంగు మారుతూ ఉండటాన్ని పిల్లలకు చూపించాలి. లోతైన చోట ముదురు నీలం, తెల్లని ఇసుక మేటల మీద లేత పచ్చ, గడ్డి పెరిగే చోట గోధుమ వన్నె కనిపిస్తాయి. సూర్యకాంతిలోని ఎరుపును నీరు త్వరగా గ్రహిస్తుంది. నీలం ఎక్కువ లోతుకు దిగి, చెదిరి, పైకి తిరిగి వస్తుంది. ఉష్ణమండల సముద్రం ఇంత తేటగా ఉండటానికి మరొక కారణం అందులో పోషక పదార్థాలు తక్కువగా ఉండటం. పోషకాలు సమృద్ధిగా ఉన్న నీటిలో సూక్ష్మ వృక్షజాతులు పెరిగి నీటిని మసకబరుస్తాయి. ఇక్కడ ఒక సందేహం కలుగుతుంది. ఆహారం ఇంత తక్కువైన నీటిలో ఇన్ని వేల చేపలు, ఇన్ని పగడాలు ఎట్లా బ్రతుకుతున్నాయి? ఈ ప్రశ్నకు సమాధానం పగడంలోనే ఉన్నది. దానిని తరువాత పరిశీలించవచ్చు.

అద్దం వెనుక కన్ను

నీటిలో కళ్ళు తెరిస్తే అంతా మసకగా కనబడుతుంది. మనిషి కంటిలో కాంతిని వంచే పనిలో సుమారు మూడింట రెండు వంతులు కంటి ముందరి పారదర్శక పొర, అనగా కార్నియా నిర్వహిస్తుంది. గాలి నుండి ఆ పొరలోకి ప్రవేశించేటప్పుడు కాంతి బాగా వంగుతుంది. నీటి వక్రీభవన గుణకం 1.33. కార్నియా గుణకం కూడా దానికి దగ్గరలోనే ఉండటం వలన నీటిలో ఆ వంపు దాదాపు మాయమవుతుంది. మాస్కు చేసే పని ఒక్కటే: కంటికి, నీటికి నడుమ కొంచెం గాలిని నిలుపుతుంది.

అయితే నీటి నుండి గాలిలోకి వచ్చేటప్పుడు కాంతి మరొకసారి వంగుతుంది. ఆ కారణంగా వస్తువులు అసలు దూరంలో మూడు వంతుల దూరానే ఉన్నట్లు, మూడింట ఒక వంతు పెద్దవిగా ఉన్నట్లు తోస్తాయి. మూడు అడుగుల చేపను నాలుగు అడుగుల చేపగా వర్ణించే యాత్రికుడు అబద్ధం చెబుతున్నాడని అనుకోరాదు! ఇంటి వద్ద ఇత్తడి గిన్నెలో నాణెం వేసి, అది అంచు చాటున మరుగయ్యే దాకా వెనుకకు జరిగి, మరొకరిచేత నీరు పోయిస్తే నాణెం తిరిగి కంటపడుతుంది. యాత్రకు ముందు పిల్లలచేత ఈ ప్రయోగం చేయిస్తే మాస్కు రహస్యం సులభంగా బోధపడుతుంది.

నీటిలో చెవికి కూడా పని ఉన్నది. పగడపు దిబ్బ మీద తల ముంచగానే పోపులో ఆవాలు చిటపటలాడినట్లు ఒక ధ్వని ఎడతెగక వినిపిస్తుంది. అది ఒక జాతి చిన్న రొయ్యల సందడి. అవి తమ పెద్ద డెక్కను మెరుపు వేగంతో మూసినప్పుడు నీటిలో ఒక బుడగ ఏర్పడి వెంటనే కూలిపోతుంది. ఆ కూలే శబ్దమే ఈ చిటపట. అది ఏ దిక్కు నుండి వస్తున్నదో ఎవ్వరూ చెప్పలేరు. నీటిలో ధ్వని వేగం క్షణానికి సుమారు 1500 మీటర్లు, గాలిలో కంటె నాలుగు రెట్లకు మించి ఎక్కువ. రెండు చెవులకు ధ్వని చేరే కాలంలోని స్వల్ప భేదాన్ని బట్టి మెదడు దిక్కును నిర్ణయిస్తుంది. నీటిలో ఆ భేదం మరీ స్వల్పం కావడంతో లెక్క తప్పుతుంది. మోటారు పడవ శబ్దం విన్న ఈతగాడు తల ఎత్తి చూడాలని చెప్పడానికి కారణం ఇదే.

గొట్టం పొట్టిగా ఎందుకు ఉంటుంది?

ఒక అడుగు గొట్టానికి బదులు తోటకు నీరు పెట్టే పొడవాటి గొట్టం పట్టుకుని ఇంకా లోతుకు పోరాదా అని పిల్లలు అడగటం సహజం. పోరాదు. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం అదనంగా చేరుతుంది. ఒక్క మీటరు లోతులోనే రొమ్ముపై ప్రతి చదరపు మీటరుకు వెయ్యి కిలోల అదనపు బరువు పడుతుంది. గొట్టంలోని గాలి మాత్రం పైనున్న మామూలు పీడనంలోనే ఉంటుంది. ఆ బరువును త్రోసి ఊపిరితిత్తులను విప్పే శక్తి రొమ్ము కండరాలకు లేదు. పైగా గొట్టం పొడవైన కొద్దీ విడిచిన గాలినే మళ్ళీ పీల్చవలసి వస్తుంది. పొట్టి గొట్టంలో సైతం విడిచిన గాలి కొంత నిలిచిపోతుంది. అందుచేత వేగంగా, పైపైన పీల్చడం కన్న నిదానంగా, నిండుగా పీల్చి విడవడం శ్రేయస్కరం.

మరొక ముఖ్యమైన హెచ్చరిక. నీటిలోపలికి మునగబోయే ముందు ఆయాసపడినట్లు గబగబా ఊపిరి తీసుకుంటే ఎక్కువసేపు ఉండగలమని కొందరు యువకులు భావిస్తారు. ఊపిరి పీల్చుకోవాలనే తహతహ కలిగించేది ప్రధానంగా రక్తంలోని బొగ్గుపులుసు గాలి. గబగబా ఊపిరి తీయడం వలన ఆ వాయువు తగ్గిపోతుంది. ప్రాణవాయువు నిల్వ పెద్దగా పెరగదు. తహతహ కలగకముందే ప్రాణవాయువు అడుగంటి, ఎట్టి సూచన లేకుండా స్పృహ తప్పుతుంది. మంచి ఈతగాళ్ళు కూడా ఈ విధంగా ప్రాణాలు కోల్పోయారు.

స్వదేశం నుండి వచ్చిన తల్లిదండ్రులను వెంట తీసుకొని వెళ్ళే కుటుంబాలు గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవారిని నీటిలో దించే ముందు వైద్యుని సలహా పొందాలి. ఉప్పునీటి సాంద్రత మంచినీటి కంటె రెండున్నర శాతం ఎక్కువ కావడంతో తేలడం కొంచెం సులభమే. అయినా గాలి నింపే రక్షక కవచం లేకుండా ఎవ్వరూ దిగరాదు. ఇద్దరేసి జంటగా ఈదడం, నడుము లోతు నీటిలో అరగంట అభ్యాసం చేసిన తరువాతనే ముందుకు సాగడం, ప్రవాహానికి ఎదురుగా మొదలుపెట్టి ప్రవాహంతో తిరిగి రావడం పాటించవలసిన నియమాలు. బోర్లా తేలేవారికి ఎండ దెబ్బ తగిలేది వీపుకు, పిక్కలకు. దానికి ఉత్తమమైన రక్షణ పొడుగు చేతుల ఈత చొక్కా. కొన్ని ఎండ లేపనాలలోని రసాయనాలు పగడాలకు హాని చేస్తాయనే అభిప్రాయంతో హవాయి రాష్ట్రం వాటి అమ్మకాన్ని నిషేధిస్తూ 2018లో చట్టం చేసి 2021 నుండి అమలు జరిపింది. చొక్కాకు అటువంటి చిక్కు లేదు.

పగడం రాయా, చెట్టా, జంతువా?

గార్డెన్ కీ కోట చుట్టూ కందకం, కందకానికి వెలుపల ఒక గోడ ఉన్నాయి. ఆ గోడ వెలుపలి అంచు వెంట ఈదుతూ పోతే మెదడు ముడతల వంటి గుండ్రని పగడాలు, అలలకు విసనకర్రల వలె ఊగే ఊదా వన్నె జాతులు, వాటి నడుమ చిలుక ముక్కు చేపలు, నల్లని చారల పసుపు చేపలు దర్శనమిస్తాయి. శిథిలమైన పాత బొగ్గు రేవు స్తంభాల వద్ద వెండి వన్నెతో మెరిసే పెద్ద చేపలు గుంపులుగా తిరుగుతుంటాయి.

నాయనమ్మ మెడలోని పగడం ఇదేనా అని ఒక చిన్నారి అడిగితే, కాదని చెప్పాలి. నవరత్నాలలోని ఎర్ర పగడం ముఖ్యంగా మధ్యధరా సముద్రంలో, వెలుతురు మసకగా ఉండే తావులలో పెరిగే వేరొక జాతి. దిబ్బలను నిర్మించే పగడాలు దానికి దూరపు బంధువులు. రెండూ జంతువులే. ఒక్కొక్కటి కొన్ని మిల్లీమీటర్ల వెడల్పు గల సంచి వంటి ప్రాణి. పైన నోరు, నోటి చుట్టూ వ్రేళ్ళ వంటి స్పర్శకాలు. అది తన అడుగున సున్నపు గిన్నె కట్టుకుంటుంది. లక్షలాది ప్రాణుల గిన్నెలు కలసి ఒక బండ అవుతుంది. తరతరాల బండలు కలసి దిబ్బ అవుతుంది. గుండ్రని పగడాలు ఏడాదికి ఒక సెంటీమీటరుకు మించకుండా పెరుగుతాయి. మనిషి ఎత్తు పగడం వయస్సు శతాబ్దాలలో ఉంటుంది. దానిపై నిలబడి ఛాయాచిత్రం తీయించుకొనేవాడు జెఫర్సన్ కోట కంటె పాతదైన కట్టడాన్ని త్రొక్కుతున్నాడన్నమాట.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు సమాధానం చెప్పవచ్చు. పగడపు ప్రాణి శరీరంలో, ప్రతి చదరపు సెంటీమీటరుకు పది లక్షల వరకు, ఏకకణ శైవలాలు నివసిస్తాయి. అవి సూర్యకాంతితో ఆహారం తయారుచేసి అందులో అధిక భాగాన్ని ఆతిథ్యమిచ్చిన జంతువుకు సమర్పిస్తాయి. జంతువు విసర్జించిన నత్రజని, భాస్వరం వాటికి ఎరువు. వంటయిల్లు, ధాన్యపు కొట్టు ఒకే శరీరంలో ఇమిడి ఉండటం వలన పోషకాలు లేని నీటిలో కూడా ఈ కాపురం సాగుతున్నది. పగడానికి గల వన్నె సైతం చాలావరకు ఈ శైవలాలదే.

ఈ కాపురానికి కావలసినవి నాలుగు: వెచ్చదనం, వెలుతురు, ఉప్పదనం, తేటదనం. ఆంధ్ర తీరంలో ఇటువంటి పెద్ద పగడపు దిబ్బలు లేకపోవడానికి హేతువు ఇక్కడ దొరుకుతుంది. గోదావరి, కృష్ణ తెచ్చే ఒండ్రు డెల్టా పొలాలకు ప్రాణం పోసింది. అదే ఒండ్రు, ఆ మంచినీరు తీరపు సముద్రాన్ని మసకబరచి పగడాలకు చోటు లేకుండా చేసింది. భారతదేశంలో పగడపు దిబ్బలు చూడగోరేవారు మన్నార్ సింధుశాఖకో, అండమాన్‌కో, లక్షదీవులకో వెళ్ళవలసి ఉంటుంది.

దీవిలోని ప్రయోగశాల

గార్డెన్ కీకి పడమరగా కొన్ని మైళ్ళ దూరంలో లాగర్‌హెడ్ కీ అనే దీవి, దానిపై 1858 నాటి దీపస్తంభం కనిపిస్తాయి. 1904లో కార్నెగీ సంస్థ ఈ దీవిలో ఒక సముద్ర జీవశాస్త్ర ప్రయోగశాలను స్థాపించింది. దాని సంచాలకుడు ఆల్ఫ్రెడ్ మేయర్. తుపానులు, దోమలు, మంచినీటి కొరత వంటి కష్టాల నడుమ 1939 వరకు వేసవులలో శాస్త్రజ్ఞులు ఇక్కడ పరిశోధనలు సాగించారు.

మేయర్ జరిపిన ఒక పరిశోధన చూడటానికి సామాన్యమైనది. వివిధ పగడాలను తొట్లలోని సముద్రపు నీటిలో ఉంచి, క్రమంగా వేడిచేసి, ఏ ఉష్ణోగ్రత వద్ద అవి మరణిస్తాయో నమోదు చేశాడు. 1914లో ప్రకటించిన ఫలితాలు ఆశ్చర్యకరమైనవి. ఉష్ణమండల సముద్ర ప్రాణులు వేడికి అలవాటుపడి ఎంత వేడినైనా ఓర్చగలవని అనుకోవడం సహజం. వాస్తవానికి అవి తమ ఓర్పు అంచున జీవిస్తున్నాయి. వేసవి నీటి ఉష్ణోగ్రతకు, ప్రాణం తీసే ఉష్ణోగ్రతకు నడుమ గల అంతరం కొద్ది డిగ్రీలు మాత్రమే. మేయర్ 1922లో ఈ దీవిలోనే కన్నుమూశాడు. ప్రయోగశాల భవనాలు ఇప్పుడు లేవు. ఆయన స్మారక ఫలకం నిలిచి ఉన్నది.

1926లో విలియం లాంగ్లీ అనే మత్స్యశాస్త్రజ్ఞుడు, చార్లెస్ మార్టిన్ అనే ఛాయాగ్రాహకుడు ఇక్కడి నీటిలో ఒక చేపను రంగులలో చిత్రించారు. నీటిపై తెప్ప మీద మెగ్నీషియం పొడిని భగ్గున మండించి వెలుతురు సంపాదించారు. నీటి అడుగున తీసిన మొట్టమొదటి రంగుల ఛాయాచిత్రాలు ఇవే. 1927 జనవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక వాటిని ప్రచురించింది. నేడు జేబులో పట్టే కెమెరాతో పిల్లలు తీసే చిత్రాలకు ఇది జన్మస్థలం.

రెండు పటాలు

టోర్టుగాస్‌కు గల మరొక విశిష్టత దాని పాత పటం. 1881లో అలెగ్జాండర్ అగస్సీ ఇక్కడి పగడపు దిబ్బలను పరిశీలించి పటం గీయించాడు. 1976లో గారీ డేవిస్ అనే శాస్త్రజ్ఞుడు అదే ప్రాంతానికి మళ్ళీ పటం తయారుచేసి రెండింటినీ పోల్చాడు. ఎల్క్ హార్న్ అనబడే, దుప్పి కొమ్ముల ఆకారం గల పగడం 1881లో 44 హెక్టార్లు ఆక్రమించి ఉండేది. 1976 నాటికి మిగిలినది 600 చదరపు మీటర్లు, అనగా ఒక మోస్తరు ఇంటి స్థలం! దాని దాయాది స్టాగ్ హార్న్ పగడం ఆ కాలానికి విస్తారంగానే ఉన్నది; 1977 జనవరిలో వచ్చిన తీవ్రమైన చలికి అందులో అధిక భాగం చచ్చిపోయింది. అటు పిమ్మట తెల్లపట్టీ వ్యాధి ఈ రెండు జాతులనూ పీడించింది. 1983, 1984 సంవత్సరాలలో కరీబియన్ సముద్రమంతటా నల్లని పొడుగు ముళ్ళ సముద్రపు అర్చిన్లు 90 శాతానికి పైగా నశించాయి. పాచిని మేసి పగడానికి చోటు కల్పించే ఆ ప్రాణులు పోవడంతో పాచి పెరిగింది. 2006లో ఆ రెండు పగడాలనూ ప్రమాదంలో ఉన్న జాతులుగా అమెరికా ప్రభుత్వం ప్రకటించింది.

2014లో మయామీ సమీపాన పగడాల కండను కరగించే మరొక వ్యాధి పొడసూపి, దిబ్బల వెంట ప్రాకుతూ 2021 మే నెలలో టోర్టుగాస్‌కు చేరింది. ఈసారి దెబ్బ తిన్నవి గుండ్రని పాత పగడాలు.

2023 వేసవిలో మేయర్ కనుగొన్న ఆ కొద్ది డిగ్రీల అంతరం తరిగిపోయింది. జూలై 24న ఫ్లోరిడా దక్షిణపు కొసన మానటీ బే అనే లోతు తక్కువైన ఖాతంలో నీటి ఉష్ణోగ్రత 38.4 డిగ్రీల సెల్సియస్‌గా నమోదయింది. అది దిబ్బల మీది కొలత కాదు. దిబ్బల మీద అంత వేడి లేదు. అయితే పగడానికి అంత వేడి అక్కరలేదు. మామూలు వేసవి గరిష్ఠానికి మించి ఒక్క డిగ్రీ కొన్ని వారాలు నిలిస్తే చాలు. శైవలాల కాంతి యంత్రాంగం దెబ్బతిని విషపదార్థాలు వెలువరిస్తుంది. జంతువు ఆ శైవలాలను బయటకు వెళ్ళగొడుతుంది. వన్నె పోయి తెల్లని సున్నపు ఎముక బయటపడుతుంది. వేడి త్వరగా తగ్గితే శైవలాలు తిరిగి చేరవచ్చు. తగ్గకపోతే పగడం ఆకలితో మరణిస్తుంది. ఆ వేసవిలో ఫ్లోరిడా కీస్‌లోను, టోర్టుగాస్‌లోను ఎల్క్ హార్న్, స్టాగ్ హార్న్ పగడాలలో 98 నుండి 100 శాతం వరకు నశించాయని 2025లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది. అక్కడక్కడ కొన్ని మిగిలినా, దిబ్బను నిర్మించే పని ఇక అవి చేయలేవని ఆ శాస్త్రజ్ఞులు నిర్ణయించారు.

ప్రయత్నాలు ఆగిపోలేదు. 2023 వేసవిలోనే అనేక పగడాలను సముద్రం నుండి తీసి ఒడ్డున తొట్లలో కాపాడారు. వేడిని బాగా ఓర్చే హోండురాస్ దేశపు ఎల్క్ హార్న్‌తో ఫ్లోరిడా జాతిని సంకరం చేసి పుట్టించిన పిల్ల పగడాలను 2025లో మయామీ సమీపాన నాటారు. టోర్టుగాస్ ఉద్యానంలో దాదాపు సగభాగాన్ని 2007 నుండి చేపల వేటకు, లంగరు వేయడానికి వీలులేని పరిశోధన ప్రాంతంగా కాపాడుతున్నారు. వేట నుండి కంచె కాపాడగలదు. వేడి నీటికి కంచె అడ్డు రాదు.

చూసి వచ్చినవారి బాధ్యత

ఇంత జరిగిన తరువాత ఈ యాత్ర దండుగ అనుకోరాదు. ఈ నాటికీ అక్కడ నీరు స్ఫటికం వలె తేటగా ఉన్నది. చేపలున్నాయి, తాబేళ్ళున్నాయి, సముద్రపు గడ్డి మైదానాలున్నాయి. మొదటిసారి చూసిన పిల్లవాడు ఇంతకన్న సుందరమైన చోటు లేదనుకుంటాడు. అందులోనే ఒక చిక్కు ఉన్నది. ప్రతి తరం తాను చిన్ననాట చూసినదే సహజస్థితి అని తలచి, అక్కడి నుండి తరుగుదలను లెక్కిస్తుంది. అంతకుముందు పోయినది లెక్కలోకి రాదు. మత్స్యశాస్త్రజ్ఞుడు డేనియల్ పాలీ 1995లో ఈ పొరపాటును గుర్తించి పేరు పెట్టాడు. వేసవిలో ఊరికి వెళ్ళిన తాత ‘ఈ చెరువు ఎంత ఉండేదో మీకు తెలియదు’ అని చెప్పినప్పుడు మనుమలు నమ్మలేకపోవడం ఇటువంటిదే. టోర్టుగాస్ సంగతిలో తాత మాటను నమ్మించేది 1881 నాటి పటం. అగస్సీ ఆనాడు శ్రమపడి గీయించకపోతే 44 హెక్టార్ల పగడపు వనం ఉండేదని ఎవ్వరికీ తెలిసేది కాదు.

కావున ఈ యాత్రకు వెళ్ళే కుటుంబం నియమాలు పాటించడంతో పాటు ఒక పని అదనంగా చేయవచ్చు. దేనినీ తాకరాదు, దేనిపైనా నిలబడరాదు, ఫిన్స్ అనబడే ఈత రెక్కలతో ఇసుక రేపరాదు. గవ్వ గాని, పగడపు ముక్క గాని తీసుకొని రారాదు. దీవిలో తినుబండారాల అంగడి లేదు, మంచినీరు లేదు కనుక పులిహోర పొట్లాలతో వెళ్ళినవారు ఖాళీ పొట్లాలతో తిరిగి రావలెను. ఆపైన పిల్లలచేత ఒక నోటుపుస్తకంలో తేదీ, చోటు, చూసిన జాతులు, రంగు పోయిన పగడాల సంఖ్య, మిగిలిన వాటి బొమ్మలు వ్రాయించవలెను. పలక పరిమాణం తెలిసేటట్లు తీసిన ఛాయాచిత్రాలు ప్రక్కన అతికించవలెను. పదేళ్ళకు అదే గోడ వెంట మళ్ళీ ఈదినప్పుడు ఆ పుస్తకమే వారి పటం అవుతుంది.

సాయంత్రం ఓడ కీ వెస్ట్ వైపు తిరిగినప్పుడు కోట గోడలు కొంతసేపు కనబడి తరువాత నీటిలో కలిసిపోతాయి. అలసిన పిల్లలు నిద్రకు ఉపక్రమిస్తారు. నోటుపుస్తకంలో ఆనాటి లెక్కను పూర్తిచేయించడానికి తల్లిదండ్రులకు అదే తగిన సమయం; ఇల్లు చేరిన తరువాత రంగులు, సంఖ్యలు గుర్తుండవు.